నేను చూడని పూజగది గోడ

ఇళ్ల తనిఖీ ఉద్యోగంలో నేను కొన్ని వందల రిపోర్టుల మీద సంతకం పెట్టాను. వాటిలో తెలిసి తెలిసి పెట్టిన అబద్ధపు సంతకం ఒక్కటే. "అన్ని గదులూ చూడడమైనది" అని మా ఫారం అడుగున అచ్చేసి ఉండేది. దాని పక్కన టిక్కు కొట్టి కింద సంతకం చేయాలి. ఒక గది చూడకుండానే చేశాను.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న మీ అమ్మాయిల చేతుల్లో, గోడకు ఆనిస్తే తేమ ఎంతుందో చూపించే మిషను ఉంది. సంతోషం. మా రోజుల్లో అరచెయ్యి, గోరు, ఒక రూపాయి బిళ్ల. అరచేతికి గోడ చల్లదనం తెలిసేది. గోరుతో గీకితే ఉప్పు రాలేది. బిళ్లతో తడితే లోపల పూత గట్టిగా ఉందో డొల్లబారిందో చప్పుడే చెప్పేది. అయితే మీ మిషనైనా, నా అరచెయ్యైనా గది గుమ్మం దాటితేనే పనికొస్తాయి. నేను చెప్పబోయేది అలాంటి ఒక గుమ్మం గురించి. కోపంగానే చెబుతాను. ఇన్నేళ్లయినా అది చల్లారలేదు, చల్లారాలని నాకూ లేదు.

తొంభైల చివర. తమిళనాడు సరిహద్దులో ఉన్న హోసూరులో ఇళ్లకు లోన్లు ఇచ్చే ఒక కంపెనీ బ్రాంచిలో నేను టెక్నికల్ ఆఫీసర్ని. హోదా వినడానికి గొప్పగానే ఉండేది. చేసే పని మాత్రం, ఎవరైనా పాత ఇల్లు కొనడానికి మా దగ్గర లోను అడిగితే, వెళ్లి ఆ ఇల్లు చూసి ఉన్నదున్నట్టు రాయడం. ఫ్యాక్టరీలు పెరుగుతున్న కాలం. ఆంధ్రా నుంచి వచ్చిన ఉద్యోగస్థులు అద్దె ఇళ్లలో విసిగిపోయి సొంత ఇల్లు వెతుక్కునేవాళ్లు. అమ్మేవాళ్లు నేను వచ్చే ముందు రోజు డిస్టెంపర్ పూయించేవాళ్లు. గడపలో అడుగుపెట్టగానే కొత్త రంగు వాసన కొడితే, ఏ గోడకు పూశారు, ఎందుకు పూశారు అని వెతకడంతోనే నా పని సగం అయిపోయేది.

ఆ ఇల్లు రిటైరైన ఒక నర్సమ్మది. ప్రభుత్వాసుపత్రిలో ముప్పై ఏళ్లు చేసిన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండూ బేరిగై దగ్గర సేద్యం చేసుకునే ఇళ్లే. ఆవిడ చెల్లెలు కృష్ణగిరిలో ఒంటరిగా ఉండేది. చెల్లెలికి చూపు ఏడాదికేడాది తగ్గిపోతోంది. ఆ చెల్లెలి ఇంటికి ఆనుకుని ఉన్న చిన్న ఇల్లు అమ్మకానికి వచ్చింది. దాని ఓనరు మూడు నెలలు ఆగుతానన్నాడు, ఆ తర్వాత వేరేవాళ్లకు ఇచ్చేస్తానన్నాడు. హోసూరు ఇల్లు అమ్ముడైతేనే ఈవిడ అది కొనగలదు. ఒక ఆంధ్రా జంట హోసూరు ఇల్లు చూసుకుని, నచ్చి, లోనుకు మా దగ్గర అర్జీ పెట్టుకున్నారు. ఆ అర్జీ మీదే నేను వెళ్లాను.

నాతో టేపు పట్టుకోవడానికి మా ఆఫీసు గుమాస్తా వచ్చాడు, నాకంటే పదేళ్లు పెద్దవాడు. ఇల్లు చూపించింది నర్సమ్మ మరిది. వదిన ఇల్లు అమ్ముతోందని, మగదిక్కుగా నిలబడాలని పొద్దున్నే బేరిగై నుంచి బస్సెక్కి వచ్చాడట. నర్సమ్మ మమ్మల్ని పలకరించి కాఫీ కాయడానికి వంటింట్లోకి వెళ్లింది. హాల్లో దివాను పక్కకు జరిపించి చూశాను. ఉత్తరం గోడకు మోకాలెత్తు వరకు చెమ్మ. గోరు ఆనిస్తే రంగు పొరలుగా లేచి, తెల్లటి ఉప్పు పొడి రాలింది. వంటింట్లో తూర్పు గోడకూ అంతే. మిగిలింది పూజగది.

మరిది ఆ గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. మర్యాదస్తుడే. చేతులు కట్టుకుని, గొంతు తగ్గించి మరీ అడిగాడు.

"అమ్మా, తప్పుగా అనుకోవద్దండి. ఈ పొద్దు మీరు బయటుండే దినాలేమన్నానా?"

ఏం అడిగాడో ఏ ఆడదానికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మా గుమాస్తా ఉన్నట్టుండి సీలింగు ఫ్యానును శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టాడు. అతన్ని మరిది అడిగింది ఒక్కటే, "అప్పా, చెప్పులు ఆడ విడిచి రా." అతని దేహం గురించి ఆ ఇంట్లో ఎవరికీ ఏ సందేహమూ లేదు. ఇంజనీరింగ్ చదివి, ఏడేళ్లు ఎండల్లో సైట్లు తిరిగిన నేను మాత్రం, ఒక గోడ చూడటానికి ముందు నా ఒంటి లెక్క చెప్పుకోవాలి.

"నాకు ఈ గది అక్కర్లేదు," అన్నాను. గిర్రున తిరిగి బయటికొచ్చేశాను. వరండాలోకి తెచ్చిచ్చిన కాఫీ కూడా సగమే తాగాను. చాలా గట్టిగా బుద్ధి చెప్పాననుకున్నాను.

ఆఫీసుకొచ్చి ఆ కోపంతోనే రిపోర్టు రాశాను. రెండు గోడలకు మోకాలెత్తు చెమ్మ ఉంది. పునాది నుంచి ఎక్కుతున్నట్టు అనుమానం. పునాది మీద చెమ్మను ఆపే పొర వేసినట్టు కనబడదు. ఆ చివర టిక్కు, సంతకం.

ఈ మూడు వాక్యాలు ఏం చేస్తాయో చెప్పాలి. ఒకచోట నీళ్లు కారి గోడ తడిస్తే, కారే చోటు పట్టుకుని బాగుచేస్తే సరిపోతుంది. కానీ పునాదిలోనే లోపం అని రాస్తే, అది ఇల్లంతటి మీదా తీర్పు. అన్ని గోడలూ అడుగున తొలిచి పొర వేయాలి. ఎవరు వేస్తారు? మా మేనేజరు లోను కుదరదన్నాడు. ఆంధ్రా జంట వెనక్కి తగ్గారు. అక్కడితో ఆగినా బాగుండేది. మా రిపోర్టులు బయటికి పోకూడదు. కానీ నాతో టేపు పట్టిన గుమాస్తా దానికి ఒక జెరాక్సు తీసి, తనకు తెలిసిన బ్రోకరు చేతిలో పెట్టాడు. బ్రోకరు ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరిగాడు. ఇల్లు చూడ్డానికి ఎవరొచ్చినా, ముందు నా సంతకం చూపించేవాడు. ఆ తర్వాత వాళ్లు అడిగే ధర వింటే నర్సమ్మకు తల తిరిగేది. నెల తిరిగేసరికి ఆ వీధిలో దానికి చెమ్మిల్లు అని పేరొచ్చింది.

మూడు నెలల్లో ఒక నెల అలా పోయింది. అప్పుడు నర్సమ్మ మా ఆఫీసుకు వచ్చింది. ఎలా సంపాదించిందో, ఆ జెరాక్సు ఆవిడ చేతిలోనే ఉంది. నా బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇది రాసింది నువ్వేనా?"

"నేనేనండి."

"నాకు ఇంజినీరు చదువు లేదమ్మా. ఒక మాట అడుగుతాను, చెప్పు. పునాదే చెడిపోయుంటే, నేను పండుకునే గది గోడ ఎందుకు పొడిగా ఉండాది? బయటి వరండా గోడ ఎందుకు పొడిగా ఉండాది? పునాది అన్నిటికీ ఒకటే గదా?"

నేను ఏదో టెక్నికల్‌గా చెప్పబోయాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ముప్పై ఏండ్లు జ్వరాలు చూసినాను నేను. జ్వరం జబ్బు కాదు, గుర్తు. యాడ చెడిందో వెతకమని ఒళ్లు చెప్పే గుర్తు. నువ్వు నా ఇంటికి జ్వరమని రాసి, ఇంక బతకదని చీటీ ఇచ్చి పంపించేసినావు."

పక్క బల్ల దగ్గర మా సీనియర్ ఇంజనీరు కాగితాల్లో తలదూర్చి నవ్వాపుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఫైలు తీసి, నేను గీసిన ప్లాను ఆవిడ ముందు పరిచాను, నోరు మూయిద్దామని. ఆవిడకంటే ముందు నేనే చూశాను. హాలు ఉత్తరం గోడ. వంటింటి తూర్పు గోడ. రెండింటికీ అవతలి పక్క ఉన్నది ఒకటే గది. ఈశాన్యం మూల, నా ప్లానులో 'పూజ' అని రాసి ఖాళీగా వదిలేసిన చతురస్రం. దానికి ఆనుకుని బయట వాకిట్లో, అదే ఈశాన్యం మూల, భూమిలో నీళ్ల సంపు.

హోసూరంతా అంతే కడతారు. వాస్తు ప్రకారం దేవుడు ఈశాన్యంలో ఉండాలి, నీళ్లూ ఈశాన్యంలోనే ఉండాలి. కాబట్టి సంపు పగుళ్లిస్తే మొదట నానేది దేవుడి గోడే. ఇది నాకు కొత్తగా తెలిసిన సంగతి కాదు. మూడో తరగతి పిల్లకైనా ఆ ప్లాను చూపిస్తే తెలుస్తుంది. ఆ ఇంటికి బయట గోడ అడుగున చుట్టూ కృష్ణగిరి రాతి పలకలు తాపడం చేశారు, అందుకని బయటినుంచి తడి కనబడలేదు. లోపలినుంచి చూడాల్సింది. నేను లోపలికి పోలేదు.

ఆవిడకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. మరిది అడిగింది, నేను తిరిగొచ్చేసింది, టిక్కు కొట్టింది.

నర్సమ్మ ఆ జెరాక్సును మడత పెట్టింది. తర్వాత, "పది అడుగుల దూరంలో కాఫీ కాస్తా ఉండినాను గదమ్మా. నన్నొక కేక వేసుంటే?" అంది.

"నాకు కోపం వచ్చిందండి."

"రావాల్సిందే. నాకైతే ఇంకా ఎక్కువ వచ్చుండేది. కానీ ఆ కోపం నా మరిది పైన చూపించుండాల్సింది. నువ్వు నా ఇంటిపైన చూపించినావు."

ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్నెవరూ అంతకంటే సరిగ్గా తిట్టలేదు.

ఆవిడ వెళ్లాక మా సీనియరు కుర్చీ తిప్పాడు. "అంత రగడ ఎందుకమ్మా? అడిగితే 'లేదప్పా' అని ఒక్క మాట చెప్పి లోపలికి పోయుంటే అయిపోయేది గదా?"

"మీరు ఎన్నిసార్లు చెప్పారు?"

"నన్నెవరు అడుగుతారు?"

"అదే మరి," అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. మీకు అవుతుందని రాస్తున్నాను.

ఆ ఆదివారం నేను ఒక్కదాన్నే ఆ ఇంటికి వెళ్లాను. మరిదిని కూడా రమ్మని నర్సమ్మ ముందే కబురు పెట్టిందట. వచ్చాడు. గుమ్మం దగ్గర ఈసారి నిలబడింది నర్సమ్మ. "రామ్మా," అంది నన్ను. మరిది నోరు తెరవబోయాడు. "నువ్వు పటాలు అందుకో," అంది ఆయన్ని. అంతే.

ఆ గదిలో పటాలు ఏడాదికొకసారి, పండక్కి సున్నం వేసేటప్పుడు మాత్రమే కదుపుతారు. అదీ పెద్ద పటాలు కదపరు, చుట్టూ వేసేస్తారు. నర్సమ్మ మొదటి పటం తీసి మరిది చేతికిచ్చింది. వెనక అట్ట ఉబ్బి, చెయ్యి తగలగానే ముద్దగా ఊడొచ్చింది. రెండో పటం మేకుతో సహా వచ్చేసింది. గోడ పూత తడిసిన బెల్లంలా ఉంది. హాల్లో చెమ్మ మోకాలెత్తు, ఇక్కడ నా భుజం దాకా. గదిలో అగరొత్తుల వాసన కింద ఇంకో వాసన, నానబెట్టి మరిచిపోయిన గుడ్డలది. మూల చూస్తే అంతా అక్కడినుంచే మొదలైందని ఎవరికైనా తెలుస్తుంది.

మరిది రెండు చేతుల్లో దేవుళ్లను పట్టుకుని, ఆ గోడకేసే చూస్తూ ఉండిపోయాడు. "నాకేం తెలుసునమ్మా," అన్నాడు చివరకు. నిజమే. ఆయనకు తెలియదు. కుట్ర చేసి ఆపిన మనిషైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు. ఏమీ తెలియకుండా, ఎంతో భక్తిగా, వదిన బతుకుకు అడ్డంగా నిలబడ్డాడు.

సంపు నిండా నీళ్లు పట్టించి, కర్ర మీద సుద్దతో గీత గీసి, ఒక రోజంతా ఎవరినీ నీళ్లు తోడనివ్వలేదు. మర్నాటికి జానెడు దిగింది. సంపు ఎండగట్టి చూస్తే, ఇంటివైపు గోడా అడుగూ కలిసే చోట పొడుగునా పగులు. మేస్త్రీ వచ్చి అది తొలిచి, నీళ్లు చొరని మందు కలిపి సిమెంటు పూశాడు. రెండు రోజుల పని. నా మూడు వాక్యాలు నిలబెట్టిన పెద్ద పునాది జబ్బుకు రెండు రోజుల వైద్యం.

గోడ ఆరాలి. దానికి తొందర లేదు, మనకే తొందర. నర్సమ్మ ఏం చేసిందో తెలుసా? పూజగది గోడ మీద చెమ్మ అంచు వెంబడి పెన్సిలుతో గీత గీసింది. పక్కన తారీఖు రాసింది. రోజూ పొద్దున ఆరు గంటలకు, సాయంత్రం ఆరు గంటలకు. ఆసుపత్రి మంచానికి తగిలించే జ్వరం చార్టు ఎలా ఉంటుందో అలా. మొదటి పది రోజులు గీత కదల్లేదు. నేను వెళ్లినప్పుడల్లా ఆవిడ నా మొహం చూసేది, నేను గోడ చూసేదాన్ని. పదకొండో రోజు ఒక వేలు దిగింది. ఆ తర్వాత దిగుతూనే ఉంది. పటాలన్నీ పడకగదిలో బట్టల బీరువా మీద. దేవుళ్లు ఏమీ అనలేదు.

గీత నడుము కిందికి వచ్చాక, రెండో రిపోర్టు రాసి మేనేజరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చదివి, తలుపు మూయించాడు.

"మేడమ్, మొదటి దాంట్లో అన్ని గదులూ చూసినామని మీరే సంతకం పెట్టినారు. ఇప్పుడు ఒక గది చూడలేదని మీరే రాసిస్తా ఉండారు. ఆడిట్‌లో నేనేమి చెప్పేది?"

"నిజం చెప్పండి."

"ఊరికే ఎందుకు తలనొప్పి? చెమ్మ తర్వాత తగ్గినాదని రాయండి. చూడలేదనే మాట తీసేయండి. మీకూ మంచిది, నాకూ మంచిది."

ఆ మాట తీసేస్తే మొదటి రిపోర్టు సరైనదే అవుతుంది. పునాది చెడిన ఇల్లు, ఎండాకాలానికి కాస్త ఆరింది, మళ్లీ వానలొస్తే ఎక్కుతుంది అనుకుంటారు. తప్పు గోడది కాదు, నాది అని రాస్తేనే ఆ గోడ బయటపడుతుంది. అదే చెప్పాను. ఇంకో మాట కూడా కలిపాను, ఆ రిపోర్టుకు జెరాక్సు ఎవరు తీశారో కూడా అడగమని. ఆయన మొహం మాడిపోయింది. కానీ కాగితం తీసుకున్నాడు. నర్సమ్మ గోడ చార్టును నోటుబుక్కులోకి ఎక్కించి ఇచ్చింది. దాన్ని కూడా జతచేశాను.

ఆంధ్రా జంట మళ్లీ వచ్చారు, నర్సమ్మే కబురు పెట్టింది. రంగు వేయించమని బ్రోకరు చెప్పి చూశాడు. ఆవిడ వినలేదు. వాళ్లను నేరుగా పూజగదిలోకి తీసుకెళ్లింది.

"ఈడ కారింది. ఈడ కట్టించినాము. ఇవి గీతలు. ఇంకా ఆరేది ఉండాది, ఆరలేదని నేనే చెప్తా ఉండాను. చూసుకో తల్లీ."

భర్త కొంచెం వెనకాడాడు. "రంగు వేయించి ఇస్తే బాగుండేదేమోనండి," అన్నాడు.

భార్య ఆ గీతలు కింద నుంచి పైకి, పై నుంచి కిందికి చదివింది. "రంగు వద్దండీ. పూర్తిగా ఆరేదాకా ఈ గీతలు ఇలాగే ఉండనివ్వండి. మిగతావి నేను గీసుకుంటాను," అంది. ఇన్ని ఇళ్ల అమ్మకాలు చూశాను, ఇల్లు కొనడం తెలిసిన మనుషులు ఎవరంటే మొదట ఆ అమ్మాయే గుర్తొస్తుంది.

లోను వచ్చింది. రిజిస్ట్రేషను కూడా గడువుకు కొన్ని రోజుల ముందే అయింది. నాకు మెమో వచ్చింది, తనిఖీలో నిర్లక్ష్యం అని. న్యాయమే. జెరాక్సు తీసిన గుమాస్తాకు ఏమీ రాలేదు. మరుసటి ఏడు ప్రమోషను వచ్చింది. అది న్యాయమని ఎవరైనా చెబితే నేను గొడవ పడతాను. నన్ను కృష్ణగిరికి మార్చారు, శిక్షగా.

కానీ ఆ కృష్ణగిరి మాట ఇంకొకటి ఉంది. ఆర్డరు రాకముందే, కొనబోయే ఇంటి పత్రాలు రాసుకునే ముందు, నర్సమ్మ నాకు ఫోను చేసింది. "నా ఇల్లు అమ్ముడుపోయేటట్టు చేసింది నువ్వు. నేను కొనే ఇల్లు నువ్వే చూడాల," అంది. సెలవు పెట్టి వెళ్లాను. చెల్లెలు మా ఇద్దరి వెంటే వచ్చింది, అక్క భుజం పట్టుకుని. చూపు అప్పటికే అంతగా తగ్గిపోయింది.

చిన్న ఇల్లు. హాలు, పడకగది, వంటిల్లు. గోడలన్నీ అరచేత్తో చూశాను. ఈశాన్యం మూల చిన్న పూజగది, పక్కనే బయట సంపు. దాని ఓనరు, అరవై ఏళ్ల పెద్దమనిషి, గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"అమ్మా, తప్పుగా ఎంచుకోవద్దు. ఈ పొద్దు మీరు..."

నర్సమ్మ నాకేసి చూసింది. చెల్లెలు చూడలేకపోయినా తల ఇటు తిప్పింది.

"అవునండి," అన్నాను. "రెండో రోజు. కొంచెం పక్కకు జరగండి, గోడ చూడాలి."

 ఆయన పక్కకు జరిగాడు. బహుశా అరవై ఏళ్లలో ఆ ప్రశ్నకు ఆ జవాబు వినడం అదే మొదటిసారి. నేను చెప్పులు విప్పాను, అందరూ విప్పినట్టే. పటాలు ఒక్కొక్కటే తీసి నర్సమ్మకు అందించాను. ఆవిడ చెల్లెలి చేతుల్లో పెట్టింది. అరచెయ్యి ఆనించాను. పొడిగా, గరుకుగా, వెచ్చగా ఉంది. బిళ్లతో తట్టాను. గట్టి చప్పుడు.

ఆ రోజు నిజంగా రెండో రోజేనా అని మీలో ఎవరికైనా అనుమానం వస్తే, ఆ అనుమానం మీ దగ్గరే ఉంచుకోండి. దానికి నేను ఎవరికీ జవాబుదారీ కాను. నేను జవాబు చెప్పాల్సింది గోడకు, ఆ గోడ పక్కన బతకబోయే ఇద్దరు అక్కచెల్లెళ్లకు. వరండాలో కూర్చుని తెల్లకాగితం మీద రిపోర్టు రాశాను. చెమ్మ లేదు, సంపు బాగుంది, కొనవచ్చు. అడుగున, ఏ ఫారమూ అడగకపోయినా, నా చేత్తో రాశాను, అన్ని గదులూ చూశాను అని.